‘ఇసాబెల్’ చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అమ్మా నేనూ నెల రోజులుగా అందులోనే ఉన్నాం

నీలవేణి_వైజాగ్
స్పానిష్ సీరియల్ ‘ఇసాబెల్’ చూసినవాళ్ళు ఇక్కడ ఉంటే దయచేసి రండి, మాట్లాడుకుందాం, నాకు ఇంట్లో అమ్మ తప్ప ఎవరూ దొరకడం లేదు. 2012 నుంచి 2014 దాకా స్పెయిన్ ప్రభుత్వ టీవీలో వచ్చింది. మూడు సీజన్లు, సీజన్‌కి 13 చొప్పున 39 ఎపిసోడ్లు, ఒక్కోటీ గంట పైనే. అమ్మకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అందవు కాబట్టి నేను పక్కన కూర్చుని పైకి తెలుగులో చెప్తూ ఉంటా. మొదట్లో అమ్మ బీరకాయలు చెక్కు తీస్తూ ఓ చెవి ఇటు పడేసేది. మూడో ఎపిసోడ్‌కి బీరకాయలు పక్కకి వెళ్ళిపోయాయి.

కథ తెలియనివాళ్ళకి: ఇప్పటి స్పెయిన్‌లో భాగమైన కాస్టిల్ రాజ్యానికి రాజు నాలుగో ఎన్రికేకి సవతి చెల్లెలు ఇసాబెల్. తండ్రి పోయాక తల్లితో, తమ్ముడు అల్ఫోన్సోతో అరేవలో అనే ఊళ్ళో పెరుగుతుంది. తల్లికి మతి సరిగా ఉండదు. 1461లో రాజుకి బిడ్డ పుట్టబోతోందని తెలియగానే ఈ పిల్లలిద్దర్నీ తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి కోటలో పెట్టేస్తారు. అక్కడ అమ్మ అన్న మాట: "ఇందులో రాజులేముంది, సవతి పిల్లల ఆస్తి గొడవ, మన పక్కవీధిలో జరిగిందే." ఆ క్షణం నుంచి నాకు కూడా అది పరాయి దేశం కథలా అనిపించలేదు.

రాత్రి_ఒంటిగంట
నేను మొదటి సీజన్ 5వ ఎపిసోడ్‌లో ఉన్నాను, తర్వాతి కథ చెప్పకండి ప్లీజ్.

కోటగుమ్మం
తమ్ముడూ, ఇది జరిగి 500 ఏళ్ళు దాటింది, కథ తెలిసినా దీని రుచి తగ్గదు, ఇంకా పెరుగుతుంది కూడా. అయినా నీ కోసం మొదటి సీజన్ గురించే ముందు రాస్తాను.

నీలవేణి గారూ, నేను ఈ సీరియల్ రెండుసార్లు చూశాను. మీరు ఇసాబెల్ గురించి రాశారు గానీ మొదటి సీజన్‌ని మోసింది ఎన్రికే పాత్ర వేసిన పాబ్లో దెర్కీ అని నా అభిప్రాయం. యుద్ధమంటే ఇష్టం లేని రాజు, ఎవరినీ గట్టిగా కాదనలేడు, నమ్మినవాళ్ళే ఒక్కొక్కరూ వెనక నుంచి తోస్తుంటారు. 1465లో ఆవిలాలో ప్రభువులంతా కలిసి ఒక వేదిక కట్టి, రాజు బొమ్మ చేసి కూర్చోబెట్టి, తల మీద కిరీటం తీసి, చేతిలో కత్తి తీసి, చివరికి బొమ్మని తన్ని కింద పడేశారు. అలా బొమ్మని దించేసి 11 ఏళ్ళ అల్ఫోన్సోని రాజన్నారు. ఇది కల్పన కాదు, నిజంగా జరిగింది. కిరీటం తీసినవాడు తొలేదో ఆర్చిబిషప్ కరియో. పెద్ద మతగురువు ఆ పని చేశాడంటే అప్పటి రాజ్యం ఎలా ఉందో చూడండి. మూడేళ్ళకే ఆ అల్ఫోన్సో కూడా చనిపోతాడు. అప్పటికి ఇసాబెల్‌కి 17.

ఇందులో విలన్ ఎవరని అడిగితే ఎన్రికే నమ్మిన ప్రభువు పచేకో అంటారు అందరూ. నిజమే, కానీ ఆ నటుడు హినేస్ గార్సియా మియాన్ గదిలోకి వచ్చి నిలబడే తీరులో ఒక నిమ్మళం ఉంటుంది, ఎవరి ధర ఎంతో ముందే తెలిసిన మనిషి నిమ్మళం. అలాంటివాణ్ణి నేను చాలా ఆఫీసుల్లో చూశాను.

నీలవేణి_వైజాగ్
కోటగుమ్మం గారూ, మీకు ఒక సందేహం. నిన్న రాత్రి పెళ్ళి ఎపిసోడ్ చూశాం. పక్క రాజ్యం ఆరగాన్ యువరాజు ఫెర్నాందో గాడిదలు తోలేవాడి వేషంలో దొంగచాటుగా సరిహద్దు దాటి వస్తాడు కదా, అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. ఇద్దరూ మొదటిసారి చూసుకునే చోట నేను చెప్పడం కూడా ఆపేశాను, మాటలు అక్కర్లేదు అక్కడ. అంతా బాగుంది. తర్వాత పోప్ అనుమతి గొడవ వచ్చింది, వాళ్ళు బంధువులు కాబట్టి పెళ్ళికి అనుమతి కావాలని. అమ్మ వెంటనే, "ఏం బంధువులు? మేనబావా?" అంది. నేను ఫోన్‌లో వెతికి చెప్పా, వాళ్ళ నాన్నల నాన్నలు సొంత అన్నదమ్ములు అని. అమ్మ ముఖం మారిపోయింది. "తాతలు అన్నదమ్ములైతే వీళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస కదే! ఒకే ఇంటిపేరు! ఎలా చేశారు?" అంది. రాత్రంతా అదే మాట. ఇది నిజమేనా, నేను చదివిందేమైనా తప్పా?

కోటగుమ్మం
మీరు చదివింది సరైనదే. ఇద్దరిదీ త్రస్తామరా వంశమే, అంటే ఇంటిపేరు కూడా ఒకటే. ఆమె తాత మూడో ఎన్రికే, అతని తాత ఆరగాన్ రాజైన ఒకటో ఫెర్నాందో, ఒక తండ్రి బిడ్డలు. ఇంకోటి, ఇసాబెల్ 1451 ఏప్రిల్‌లో పుట్టింది, ఫెర్నాందో 1452 మార్చిలో. కాబట్టి మీ అమ్మగారి లెక్కలో వాళ్ళు అక్కాతమ్ముళ్ళు అవుతారు! చర్చి కూడా మీ అమ్మగారిలాగే అడ్డం చెప్పింది, వరస లెక్కలు వేరు గానీ. 1469 అక్టోబరు 19న వయ్యదొలిద్‌లో పెళ్ళి జరిగే సమయానికి చూపించిన అనుమతి పత్రం దొంగది. ఐదేళ్ళ కిందటే చనిపోయిన పోప్ రెండో పియస్ పేరు మీద పుట్టించారు. అసలుది 1471లో గానీ రాలేదు. అంటే రెండేళ్ళు, ఒక కూతురు పుట్టాక కూడా, చర్చి లెక్కలో ఆ పెళ్ళి చెల్లని పెళ్ళే. అంత దైవభక్తి ఉన్న మనిషి ఆ రెండేళ్ళు ఎలా నిద్రపోయిందా అని నేను ఆలోచిస్తుంటాను.

వేషం సంగతి కూడా నిజం. దారిలో సత్రాల్లో ఫెర్నాందో మిగతావాళ్ళకి వడ్డించేవాడట, గాడిదల్ని చూసుకునేవాడట. బుర్గో దె ఓస్మా కోట దగ్గర ఎవరో తెలియక కాపలావాడు పైనుంచి రాయి విసిరితే వెంట్రుకవాసిలో తప్పిందని ఆ కాలంవాడే అయిన పాలెన్సియా రాసి పెట్టాడు. ఆ రాయి ఇంకాస్త ఇటు పడి ఉంటే ఈ కథే లేదు.

హన్మకొండ_రవళి
అమ్మ లెక్కే కరెక్ట్ 🙏 నేను సబ్‌టైటిల్స్ చదువుకుంటూ పోయాను గానీ ఆ వరస నాకు తట్టనే లేదు.

నా మనసులో నిలిచిపోయింది పట్టాభిషేకం. 1474 డిసెంబరులో ఎన్రికే చనిపోయిన రెండు రోజులకే సెగోవియాలో తనే రాణినని ప్రకటించుకుంటుంది, భర్త దగ్గర లేడు, జరగోసాలో ఉన్నాడు. ఊరేగింపులో ఆమె ముందు ఒకాయన ఒర లేని కత్తి పట్టుకుని నడుస్తాడు. శిక్షించే అధికారం గుర్తు అది, ఆడవాళ్ళ ముందు దాన్ని అలా మోయడం ఏంటని అప్పటి వాళ్ళే నోళ్ళు నొక్కుకున్నారు. మాది ఓరుగల్లు కాబట్టి నాకు వెంటనే రుద్రమదేవి గుర్తొచ్చింది. ఆమె ఇంకో 200 ఏళ్ళు ముందు. గణపతిదేవుడు కొడుకులాగ పెంచాడు, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే రాయించారు. ఇసాబెల్ ఆడమనిషిగానే ఆ కత్తి వెనక నడిచింది. ఇద్దరిలో ఎవరు గొప్ప అని కాదు, ఒక్కొక్కరికి దొరికిన దారి ఒక్కోటి. కానీ మన రుద్రమ మీద ఇలా 39 ఎపిసోడ్లు, ఇంత ఓపిగ్గా, పన్నులూ సామంతులూ ఇంట్లో మాటలూ అన్నీ చూపిస్తూ ఎవరైనా తీస్తే నేను ఉద్యోగానికి సెలవు పెట్టి చూస్తాను.

శ్రీలత_డాలస్
రవళీ, నేనూ! ఆ పట్టాభిషేకం తర్వాత మొగుడూ పెళ్ళాల గొడవ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఉత్తరం అందుకున్న ఫెర్నాందోకి కోపం వస్తుంది కదా, మగవాడు ఉండగా నువ్వెలా అని. ఇసాబెల్ అరవదు, ఏడవదు. మనకిప్పుడు ఉన్నది ఒక్క కూతురే, ఆడవాళ్ళకి హక్కు లేదంటే రేపు దాని గతేంటి అంటుంది. ఆ మాట ఆమె నిజంగానే అందని పాత చరిత్రల్లో కూడా ఉంది. 1475లో ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు: పత్రాల్లో ముందు అతని పేరు, రాజముద్రల్లో ముందు ఆమె రాజ్యం గుర్తు. నాకు పెళ్ళై 19 ఏళ్ళయింది, డబ్బులూ ఇల్లూ పిల్లల చదువులూ ఎవరి మాట ఎక్కడిదాకా అని మేం కూడా ఒకసారి రాసుకోవాల్సి వచ్చింది, అందుకే ఆ సీన్ చూస్తుంటే కళ్ళు చెమర్చాయి.

ఇంకో సంగతి గమనించారా, వాళ్ళ గుర్తు కాడి, బాణాలు. కాడిని స్పానిష్‌లో యూగో (Yugo) అంటారు, అప్పట్లో ఇసాబెల్ పేరు (Ysabel) మొదలయ్యేది ఆ Y తోనే. బాణాలు ఫ్లెచాస్, ఫెర్నాందో F. కాడి అతని గుర్తు, బాణాలు ఆమె గుర్తు. ఆమె పేరు అతని గుర్తులో, అతని పేరు ఆమె గుర్తులో. ఇది తెలిశాక జెండాల మీదా గోడల మీదా అవి కనిపించిన ప్రతిసారీ ఆపి చూస్తున్నాను.

రాత్రి_ఒంటిగంట
మొదటి సీజన్ అయిపోయింది, ఇప్పుడు ఏం చెప్పినా పర్లేదు. ఒక చిన్న సంగతి: ఇసాబెల్ వేసిన మిచెల్ జెన్నర్ హ్యారీ పోటర్ స్పానిష్ డబ్బింగ్‌లో హెర్మయినీకి గొంతు ఇచ్చింది. నేను ఎక్కడో విన్న గొంతని రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నా.

నీలవేణి_వైజాగ్
రెండో సీజన్ సగంలో ఉన్నాం. అమ్మకి ఇప్పుడు ఇసాబెల్ మీద కొంచెం కోపం. కారణం ఆ చిన్నపిల్ల హువానా, ఎన్రికే కూతురు. తండ్రి రాజు కాదు, ఆస్థానంలోని బెల్త్రాన్ దె లా క్వేవా అని పుకారు పుట్టించి బెల్త్రనేహా అని పేరు పెట్టేశారు. ఆరేళ్ళప్పుడు గిసాందోలో, ఆ రాతి ఎద్దుల దగ్గర, సొంత తండ్రే ఆ పిల్లని కాదని చెల్లెల్ని వారసురాల్ని చేస్తాడు. తర్వాత మనసు మార్చుకుంటాడు, తర్వాత చచ్చిపోతాడు. ఆ పిల్లని 13 ఏళ్ళకి పోర్చుగల్ రాజుకి, సొంత మేనమామకి, ఇస్తారు. అమ్మకి మేనమామ వరస ఓకే గానీ వయసు చూసి మొత్తుకుంది. యుద్ధం ఓడిపోయాక చివరికి కాన్వెంట్‌లో పెట్టేస్తారు. "ఈవిడ గెలిచింది సరే, ఆ పిల్ల ఏం పాపం చేసింది?" అని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కోటగుమ్మం
అమ్మగారు సరైన చోట వేలు పెట్టారు. ఆ హువానా 1530 దాకా బతికింది, ఇసాబెల్ పోయాక ఇంకో 26 ఏళ్ళు. చివరిదాకా సంతకం చేసినప్పుడల్లా ‘నేను, రాణిని’ అనే రాసేది. ఎవరూ ఆ కాగితాలకి విలువ ఇవ్వలేదు, అయినా రాసేది. నేను ఈ సీరియల్‌ని మెచ్చుకునేది ఇందుకే, ఇసాబెల్‌ని ప్రేమించేలా చేస్తూనే ఆ పిల్లని మన కళ్ళ ముందు నుంచి తప్పించలేదు.

మాడ్రిడ్_తెలుగు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ఆరేళ్ళుగా మాడ్రిడ్‌లో ఉద్యోగం, స్పానిష్ నేర్చుకోవడానికే ఈ సీరియల్ మొదలు పెట్టాను, పాత రాజుల భాష వచ్చేసి ఆఫీసులో ఆ మాటలు వాడితే మా టీమ్‌వాళ్ళు ముచ్చటపడేవారు.

ముస్లిం రాజ్యం గ్రనాడాతో జరిగిన యుద్ధం ఎపిసోడ్లలో కొన్ని సీన్లు అక్కడి నిజం కోట అల్హంబ్రాలోనే తీశారు. అది చూశాక మేం గ్రనాడా వెళ్ళాం. అల్హంబ్రా గురించి అందరూ చెప్తారు, నేను కింద ఊళ్ళో ఉన్న రాచ సమాధుల చాపెల్ గురించి చెప్తా. పైన పాలరాతి సమాధులు, ఇసాబెల్, ఫెర్నాందో పడుకున్నట్టు చెక్కారు. ఆమె తల కింది దిండు అతని దిండు కన్నా లోపలికి దిగి ఉంటుంది. ఆమె తలలో బరువు ఎక్కువ అని గైడ్లు చెప్తుంటారు. పక్కనే చిన్న మెట్లు దిగితే నేలమాళిగ, గాజు వెనక ఐదు సీసం పెట్టెలు. నగిషీ లేదు, బంగారం లేదు, నల్లగా, ఇనప కడ్డీలు చుట్టి. ఇసాబెల్, ఫెర్నాందో, కూతురు హువానా, అల్లుడు ఫెలిపే, ఒక చిన్న పెట్టె మనవడు మిగేల్‌ది. పైన చూసిన పాలరాయి మర్చిపోయాను గానీ ఆ చిన్న పెట్టె మాత్రం మర్చిపోలేను.

హన్మకొండ_రవళి
నేను నిన్న రెండో సీజన్ పూర్తి చేశాను, చూసినప్పటినుంచి మనసు బాలేదు, ఇక్కడ చెప్పుకోవాలనిపించింది. 1492 జనవరి 2న గ్రనాడా తాళాలు చేతికొస్తాయి. మార్చి 31న యూదులందరూ మతమైనా మారాలి లేదా దేశమైనా వదలాలి అని ఆజ్ఞ. జులై ఆఖరు దాకా గడువు. బంగారం, వెండి, నాణేలు పట్టుకుపోకూడదు. ఇల్లు ఇచ్చి గాడిదని, ద్రాక్షతోట ఇచ్చి కాస్త గుడ్డని తీసుకున్నారని ఆ కాలం చరిత్రకారుడు బెర్నాల్దెస్ రాశాడు, అది చదివాక నాకు అన్నం సహించలేదు. అప్పటిదాకా 20 గంటలకు పైగా నేను ఈవిడ వైపే ఉన్నాను కదా! గ్రనాడా యుద్ధానికి అప్పులిచ్చిన అబ్రవనేల్ లాంటివాళ్ళు కూడా వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఇలాంటి మనిషి కథని ఇష్టపడటం తప్పా?

శ్రీలత_డాలస్
రవళీ, తప్పు కాదు. కానీ నీకు మనసు బాలేకపోవడం కూడా సరైనదే. ఆమె చెడ్డదానిలా ఉండి ఉంటే మనకి సులువయ్యేది. పిల్లలకి చదువు చెప్పించింది, తనే పెద్దయ్యాక లాటిన్ నేర్చుకుంది, భర్తని ప్రేమించింది, అదే మనిషి అదే చేత్తో సంతకం పెట్టింది.

కోటగుమ్మం
నాదీ అదే మాట, ఇంకొంచెం గట్టిగా అంటాను. ఇంక్విజిషన్, అంటే మతం తప్పారని మనుషుల్ని విచారించే మత న్యాయస్థానం, 1478లో పోప్ అనుమతితో మొదలైంది, 1481లో సెవియాలో మనుషుల్ని తగలబెట్టడం మొదలైంది. ఇది ‘అప్పటి కాలం అంతే’ అని సర్దుకునే విషయం కాదు. 1492లో అలా వెళ్ళిపోయిన యూదులు ఒట్టోమన్ రాజ్యానికీ, ఉత్తర ఆఫ్రికాకీ చేరారు. ఆ వంశాలవాళ్ళు కొందరు మన కొచ్చి దాకా వచ్చారు, 1568లో కట్టిన పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వాళ్ళదే. పాత స్పానిష్ భాషని వాళ్ళ పిల్లల పిల్లలు ఇళ్ళల్లో 500 ఏళ్ళు మాట్లాడుకుంటూ వచ్చారు. తరిమేసిన దేశం భాషని! చివరికి 2015లో స్పెయిన్ చట్టం చేసి ఆ వారసులకి పౌరసత్వం ఇస్తామంది. సీరియల్ బాగుందని చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి.

పల్నాటి_మిర్చి
పెద్ద చర్చ మధ్యలో చిన్న మాట. కొలంబస్ ఎపిసోడ్ చూస్తూ మా పొలం గుర్తొచ్చింది. 1493 జనవరిలో ఆయన తన డైరీలో ‘ఆహీ’ అనే కారం గురించి రాసుకున్నాడు, మిరియాల కన్నా మేలైనదని. అదే మిరపకాయ. పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది, ఇప్పుడు గుంటూరు యార్డులో ఎర్రగా గుట్టలు పడి ఉంటుంది. ఆ రాణి సంతకం లేకపోతే మా నాన్న ఏ పంట వేసేవాడో మరి.

నీలవేణి_వైజాగ్
మూడో సీజన్ నడుస్తోంది. ఇది చూడటం కష్టంగా ఉందండీ. 1497లో పెద్ద కూతురి పెళ్ళికి తల్లి సరిహద్దుకి వెళ్తే, అదే వారంలో సలమాంకాలో 19 ఏళ్ళ ఒక్కగానొక్క కొడుకు పోతాడు, పెళ్ళై ఆరు నెలలు. మరుసటి ఏడు ఆ పెద్ద కూతురు పురిట్లో పోతుంది. ఆ బిడ్డే మిగేల్, మాడ్రిడ్ గారు చెప్పిన చిన్న పెట్టె. రెండేళ్ళు నిండకుండానే వాడూ పోయాడు. అక్క పోయాక ఆమె భర్త పోర్చుగల్ రాజుకే చెల్లెలు మరియాని ఇచ్చినప్పుడు అమ్మ ఏమీ అనలేదు, చాలాసేపు ఊరుకుని, "మా పెద్దమ్మ పోతే మా పిన్నిని అలాగే ఇచ్చారు. ఎవరూ దాన్ని అడగలేదు" అంది. ఈ విషయం నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న ఆపేయమంది. "ఇంక ఆ కూతురు హువానాకి ఏమవుతుందో నాకు తెలిసిపోయింది, నేను చూడను" అని లేచి వెళ్ళిపోయింది.

మాడ్రిడ్_తెలుగు
అమ్మగారిని ఒప్పించండి నీలవేణి గారూ, హువానాగా ఇరెనే ఎస్కొలార్ నటన వదులుకోకూడదు. 1503 చలికాలంలో మెదీనా కోటలో జరిగింది నిజం కథ: ఫ్లాండర్స్‌లో ఉన్న భర్త దగ్గరికి వెళ్తానంటే గేటు మూసేశారు, రాత్రంతా ఆ చలిలో గేటు దగ్గరే ఉండిపోయింది, లోపలికి రమ్మంటే రాలేదు. తర్వాత గేటు పక్కనున్న వంటపాకలో ఉండిపోయింది. జబ్బుతో ఉన్న తల్లి సెగోవియా నుంచి రావాల్సి వచ్చింది. పిచ్చిది అన్నారు. నాకు మాత్రం మొగుడి దగ్గరికి, పిల్లల దగ్గరికి పోనివ్వని మనిషి కోపం కనిపిస్తుంది అందులో.

ఇక్కడ ప్రాదో మ్యూజియంలో ప్రదీయా 1877లో వేసిన హువానా బొమ్మ ఉంది. భర్త శవపేటిక పక్కన నిలబడి ఉంటుంది, నిండు గర్భిణి, నల్ల బట్టలు, గాలికి ముసుగు ఎగురుతూ, మంట పొగ పక్కకి కొట్టుకుపోతూ. చుట్టూ ఉన్నవాళ్ళు చలికి ముడుచుకుని కూర్చున్నారు, ఎప్పుడు వెళ్దామా అన్నట్టు. ఆమెకి మాత్రం ఆ చలి తెలియడం లేదు. ఆదివారం సాయంత్రాలు ఉచితంగా వెళ్ళొచ్చు, నేను చాలాసార్లు ఆ ఒక్క బొమ్మ కోసమే వెళ్ళాను.

రాత్రి_ఒంటిగంట
ఇప్పుడే వెతికి చూశాను ఆ బొమ్మ. నిద్ర పట్టేలా లేదు.

నీలవేణి_వైజాగ్
అయిపోయింది. నాలుగు రోజులు ఊరుకుని, ఆ బొమ్మని ఫోన్‌లో అమ్మకి చూపించాను. చాలాసేపు పెద్దది చేసి చూసింది, ఆ కూర్చున్న ఆడవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ. తర్వాత తనే "పెట్టు" అంది.

ఇసాబెల్ 1504 నవంబరు 26న మెదీనాలో చనిపోతుంది. 53 ఏళ్ళు. అమ్మకి ఇప్పుడు 58. పడుకుని ఉన్న ఆ రాణి రాజ్యం గురించి చెప్తుంటే, కూతురికి పాలించడం ఇష్టం లేకపోయినా చేతకాకపోయినా నువ్వు చూసుకో అని ఫెర్నాందోకి అప్పజెప్తుంటే, నేను గొంతు పట్టేసి తెలుగులో చెప్పలేకపోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "చెప్పక్కర్లేదులే, తెలుస్తోంది" అంది.

కోటగుమ్మం గారూ, దీని తర్వాత కథ ‘కార్లోస్, రాజు చక్రవర్తి’ అని 2015లో వచ్చిందట కదా, ఇసాబెల్ మనవడిది. రేపట్నుంచి మొదలు పెడుతున్నాం. అమ్మ ఒక్కటే అడగమంది, అందులో హువానా ఉంటుందా అని.

కోటగుమ్మం
ఉంటుందమ్మా. లైయా మరూల్ వేసింది, పెద్దయ్యాక హువానాని. తోర్దెసియాస్‌లో, 46 ఏళ్ళు. మొదటిసారి కొడుకు ఆమె దగ్గరికి వచ్చే చోట అమ్మగారి పక్కనే కూర్చోండి.